లచ్చయ్య తాత గంటకు నేను వేసిన సున్నా

మీలో ఎంతమంది ఒక పూట ఆవుగా బతికారో నాకు తెలియదు. నేను బతికాను. ఇరవయ్యారేళ్ళ వయసులో, మెడలో ఆఫీసు గుర్తింపు కార్డుతో, చంకలో ఫైలుతో, దుమ్ముగూడెం దారి పక్కన అడవిలో, నలుగురూ చూస్తుండగా. ఆ సంగతి తలుచుకుంటే మా ఇంట్లోవాళ్ళు ఇప్పటికీ అన్నం తింటూ పొలమారేలా నవ్వుతారు. నేనూ నవ్వుతాను. కాకపోతే కథ అక్కడ ఆగలేదు. ఆగి ఉంటే బాగుండేది. నా ఘనకార్యం వల్ల ఒక ముసలాయనకు ఏమైందో కూడా చెప్పాలి. ముందు నవ్వే భాగం చెబుతాను, రెండోది ఎలాగూ దాని వెనకాలే వస్తుంది.

మాది వైరా. మా నాన్న ఆర్టీసీలో డ్రైవరు, అమ్మ చర్చి బడిలో టీచరు. నేను ఖమ్మంలో నర్సింగు చదివి రెండేళ్ళు వార్డులో పనిచేశాక, ముసలివాళ్ళ కోసం ఇళ్ళు నడిపే ఒక ట్రస్టులో ఉద్యోగం దొరికింది. ఉద్యోగం పేరు క్వాలిటీ ఆఫీసర్. రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళయిన రోజులవి. మా వైపు అప్పటికి క్వాలిటీ అనే మాట పత్తికి, మిర్చికి వాడేవాళ్ళు గానీ మనుషులకు వాడేవాళ్ళు కాదు. మా అమ్మ ఆదివారం ఆరాధన అయ్యాక కనబడ్డ ప్రతివాళ్ళనూ ఆపి, "మా సుగుణ ఆఫీసరయింది" అని చెప్పింది.

"ఏం ఆఫీసరమ్మా?" అని ఒక పెద్దాయన అడిగాడు.

"ముసలోళ్లను మంచిగ చూస్తుండ్రా లేదా అని చూసే ఆఫీసరు."

"అట్లనా. మరి ముసలోళ్లను చూసేది ఎవరు?"

ఆ ప్రశ్న మా అమ్మకు నచ్చలేదు. నాకు అసలు అర్థమే కాలేదు.

ట్రస్టు నన్ను హైదరాబాదు పంపి మూడు వారాలు శిక్షణ ఇప్పించింది. తిరిగి వచ్చేటప్పుడు నా దగ్గర అరవై నాలుగు ప్రశ్నల ఫారం ఉంది. అందులో సగం ప్రశ్నలు భద్రత గురించి, సగం గౌరవం గురించి. మంచాల మధ్య ఎంత ఖాళీ ఉంది, మందుల పెట్టెకు తాళం ఉందా, స్నానాల గదిలో నేల జారుతుందా, ముసలివాళ్ళను పేరుపెట్టి పిలుస్తున్నారా, ఇలాంటివి. ఒక్కటి కూడా చెడ్డ ప్రశ్న కాదని ఇప్పటికీ అంటాను. చెడ్డదల్లా దాన్ని పట్టుకున్న చెయ్యి. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త ఆఫీసరు పొద్దుతో పాటు ఊరూ వాడా మనిషీ పశువూ ఏదీ ఎరగదు.

మొదటి తనిఖీకి మా డైరెక్టరు గారు నన్ను పంపింది దుమ్ముగూడెం వైపు, అడవి అంచున ఉన్న మా ట్రస్టు ఇంటికి. భద్రాచలం దాకా బస్సు, అక్కడి నుంచి పదిమంది ఎక్కాల్సిన చోట పదహారు మంది ఎక్కిన ఆటో. దిగి, "వృద్ధుల సంరక్షణ కేంద్రం ఎటు?" అని అడిగితే ఎవరికీ తెలియలేదు. చివరికి ఒకామె ఆలోచించి, "మార్తమ్మ కాడికా? ముసలోళ్ల దవాఖాన అని అడగరాదా అమ్మా" అని దారి చూపింది.

పెంకుటిల్లు, పొడుగాటి వరండా, వెనకాల బావి, బావి దాటితే అడవి. లోపల పద్దెనిమిది మంది ముసలివాళ్ళు. చుట్టుపక్కల గూడేల నుంచి వచ్చిన కోయవాళ్ళు కొందరు, కల్లూరు దాకా ఉన్న పల్లెల నుంచి వచ్చినవాళ్ళు కొందరు. వాళ్ళలో ఆరుగురు మంచం దిగలేరు. చూసేవాళ్ళు ఇద్దరే. ఒకరు ఇన్‌చార్జి మార్తమ్మ గారు, ఇంకొకరు వంటచేసే రాజమ్మ. మార్తమ్మ గారికి అరవై దాటి ఉంటాయి. మిషన్ ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్ళు ఆయాగా చేసిన మనిషి. చేతిలో మూత్రపు గిన్నెతో ఎదురొచ్చి, "వందనాలు మేడం. గిన్నె పారబోసి వస్త, కూసోండి" అంది.

నేను కూర్చోలేదు. ఆఫీసర్లు కూర్చోరని నా అభిప్రాయం. నిలబడే ఫైలు తెరిచాను.

నిజం చెప్పాలంటే ఆ ఇల్లు బాగుంది. ఆరుగురిలో ఒక్కరి ఒంటిమీదా పడకపుండు లేదు. ఖమ్మంలో నేను పనిచేసిన వార్డులోనే ఆ మాట చెప్పలేకపోయేవాళ్ళం. దుప్పట్లు పాతవే, ఉతికినవే. మందులు ఎవరివి వాళ్ళ పేరు రాసిన డబ్బాల్లో ఉన్నాయి. టిక్కులు పెట్టీ పెట్టీ నాకు విసుగు పుట్టింది. తప్పు దొరకని ఆఫీసరుకు ఆకలి వేసినవాళ్ళకు వచ్చినంత కోపం వస్తుంది.

అప్పుడు వినిపించింది గంట. కణకణమని వరండా ఆ చివర నుంచి ఈ చివరకు, అక్కడి నుంచి బావి వైపు. ఆవు ఏదో లోపలికి వచ్చిందనుకున్నాను. పరిశుభ్రత గడిలో సున్నా వేయడానికి పెన్ను తీశాను కూడా. తీరా చూస్తే వచ్చింది ఆవు కాదు, మనిషి. ఎండిన తుమ్మమొద్దులాంటి ముసలాయన, భుజాన తువ్వాలు, చేతిలో సన్నటి బరికె. మొలతాడుకు ఇత్తడి గంట వేలాడుతోంది, అడవికి తోలే ఆవుల మెడలో కడతారే, అలాంటిది.

మంచం మీదున్న ఒక ముసలమ్మ కళ్ళు తెరవకుండానే, "తాత బాయికాడికి పోతుండు" అంది. పక్క మంచం ఆమె, "ఇయ్యాల జల్దీ లేసిండు" అంది.

"ఎవరు ఆయన?" అన్నాను.

"లచ్చయ్య తాత" అంది మార్తమ్మ గారు. "ఒకప్పుడు ఊరి పసులన్నీ ఈయనే కాసేది."

"ఆ గంట ఎవరు కట్టారు?"

"ఎవరూ కట్టలే మేడం. ఆయన ఆవు మల్లిది. వచ్చినప్పుడే కట్టుకొని వచ్చిండు."

"మనిషికి పశువు గంట ఏమిటండీ?"

"మతి లేదు కద. తిరుగుతనే ఉంటడు. మోగుతుంటే ఏడున్నడో తెలుస్తది. వంటింట్ల ఉన్నా తెలుస్తది, పడకలు మారుస్తున్నా తెలుస్తది. ఆగిందంటే రాజమ్మ పోయి చూస్తది. బాయి దాటిందంటే, గంజి తాగుదువు రా తాతా అని కేకేస్తం. మళ్లొస్తడు."

ఇప్పుడు ఆలోచిస్తే, పద్దెనిమిది మందిని ఇద్దరు చూసుకునే ఇంట్లో అంతకన్నా మంచి ఏర్పాటు నేను తర్వాత ఎక్కడా చూడలేదు. కానీ అప్పుడు నా కళ్ళ ముందు కనబడింది ముప్ఫై ఎనిమిదో ప్రశ్న. "నివాసుల గౌరవానికి భంగం కలిగించే గుర్తులు గానీ, వస్తువులు గానీ వారి శరీరంపై ఉన్నాయా?" ఉన్నాయి. మోగుతూ ఉన్నాయి. గడిలో సున్నా వేశాను.

"ఇది చాలా తప్పు మార్తమ్మ గారూ. తీసెయ్యాలి."

"తీస్తే ఏడికి పోయిండో ఎట్ల ఎరుకైతది?"

"రిజిస్టరు పెట్టండి. బయటికి వెళ్ళేటప్పుడు సంతకం, లోపలికి వచ్చాక సంతకం."

ఆమె నా మొహంలోకి చూసింది. వేళాకోళం చేస్తున్నానేమో అనుకుంది పాపం. "సంతకమా? ఆయనతోనా?"

"చదువు రాకపోతే వేలిముద్ర అయినా సరే."

"బిడ్డా," అంది. మేడం అప్పటికే బిడ్డ అయిపోయింది. "తన పేరు మరిసిండు. ఊరు మరిసిండు. పెండ్లాం పోయిన సంగతి మరిసి, అన్నం ఎందుకు తేలే అని అడుగుతడు. నడుసుడు ఒక్కటి మరువలే. అది ఉన్నన్ని దినాలే ఆయన ఉంటడు. అడవికి పోయేటోడు వేలిముద్ర ఏసి పోతడా?"

ఆ మాటలు నేను విన్నాను. విననట్టయితే ఈపాటికి నన్ను నేను క్షమించుకునేదాన్ని. విని కూడా, శిక్షణలో చెప్పినట్టు చిరునవ్వు నవ్వి, మనిషి విలువ గురించి చిన్న ఉపన్యాసం ఇచ్చాను. తర్వాత లచ్చయ్య తాత దగ్గరికి వెళ్ళి, "లచ్చయ్య గారూ, మీరు పశువు కాదు, మనిషి" అని చెప్పాను. ఆయన నా వైపు చూసి, "అవ్" అన్నాడు. ఆ ఒక్క మాటనే ఒప్పుకోలు కింద రాసుకుని, నా చేతులతోనే ముడి విప్పి గంట తీసి నా సంచిలో వేసుకున్నాను. ఆయన మొలతాడు తడుముకున్నాడు. కాసేపు ఊరికే తడుముకుంటూ నిలబడ్డాడు.

ఆ సాయంత్రమే రిపోర్టు రాశాను. అంత బాగా నేను జన్మలో ఏదీ రాయలేదు. "మనిషి మెడలో మోగేది గంట కాదు, మన సిగ్గు" అని ఒక వాక్యం రాసి, అది నిజానికి మొలకు కట్టిన గంట అని గుర్తొచ్చినా, మొల అంటే వాక్యం చెడుతుందని మెడగానే ఉంచేశాను. సాయంత్రం బస్సుకు ఆటో అతనితో కవరు పంపించాను. మా నాన్నకు తెలిసిన కండక్టరు మర్నాడు పొద్దున్నే ఖమ్మంలో మా ఆఫీసులో అందిస్తానన్నాడు. మా ఆర్టీసీ పని ఎంత పక్కాగా ఉంటుందో మీకు తెలుసు కదా. అందించాడు.

తనిఖీ రెండు రోజులు కాబట్టి ఆ రాత్రి ఆ ఇంట్లోనే పడుకున్నాను. మర్నాడు పొద్దున నాకు మెలకువ వచ్చేసరికి ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. హాయిగా అనిపించింది. ఫైలు తీసి, "అనవసర శబ్దాలు తగ్గినవి" అని ఒక మంచి టిక్కు కూడా పెట్టాను. ఇంతలో మార్తమ్మ గారు చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది.

"తాత కనబడ్డడా?"

"లేదే. వరండాలో లేడా?"

"లేడు. బాయికాడ లేడు. రాజమ్మ పొయ్యి ముట్టించినప్పుడు చూసిందట, అంతే." ఆమె గొంతులో నిష్ఠూరం లేదు, భయం ఉంది. "ఇప్పపూల కాలం బిడ్డా. ఎలుగులు దిగుతయి."

ఇప్పచెట్ల కింద రాలిన పూల కోసం మనుషులతో పాటు ఎలుగుబంట్లు కూడా వస్తాయని వైరాలో పుట్టినదానికీ తెలుసు. అరవై నాలుగు ప్రశ్నల్లో ఎలుగుబంటి లేదు.

"నేను వెళ్ళి పిలుచుకొస్తాను. లచ్చయ్య గారూ అని కేకేస్తే పలుకుతాడు కదా?"

"తన పేరే మరిసిండని నిన్న చెప్పిన కద. బాయికాడుంటే గంజికి వస్తడు గని, అడవిల మనిషి పిలిస్తే పలకడు. గంట మోగితే వస్తడు, ఆవు దారి తప్పిందనుకొని. ఏదీ గంట?"

సంచిలోంచి గంట తీశాను. చేత్తో ఊపి చూపించాను.

"గట్ల కాదు. గట్ల ఊపితే గుడిల పూజ లెక్క ఉంటది. నడకల మోగాలె. ఆవు నడిస్తే ఎట్ల మోగుతదో అట్ల. మెడకు కట్టుకో."

"నేనా?"

"నేను పోతే ఆరుగురికి పడకలు ఎవరు మారుస్తరు? రాజమ్మ పోతే అన్నం ఎవరు వండుతరు? ఈ ఇంట్ల ఖాళీగ ఉన్నది నువ్వొక్కదానివే."

నా ఉద్యోగం గురించి అంత సూటిగా ఎవరూ చెప్పలేదు. గుర్తింపు కార్డు తాడుకే గంట కట్టుకున్నాను. తా దూర కంత లేదు, మెడకో డోలు అని సామెత. నాకు డోలు దొరకలేదు గానీ మిగిలినదంతా సరిపోయింది. ఫైలు మాత్రం వదల్లేదు. ఎందుకు వదల్లేదని అడక్కండి. మునిగిపోయేవాళ్ళు కొందరు చెప్పులు వదలరట.

"బాట దిగకు. ఇప్పచెట్ల కాడ జనం ఉంటరు, వాళ్లకు కనబడేటట్టే తిరుగు" అని చెప్పి మార్తమ్మ గారు పడకల దగ్గరికి పోయింది.

అలా బయలుదేరాను. నాలుగడుగులు వేస్తే కణ కణ, ఆగితే చప్పుడు ఆగుతుంది. బుట్టలతో పూలు ఏరుతున్న ఆడవాళ్ళు తలెత్తి చూశారు. వాళ్ళు కోయలో ఏదో అనుకున్నారు. నాకు భాష రాదు గానీ నవ్వు ఏ భాషలోనైనా తెలుస్తుంది. ఒకామె జాలిపడి తెలుగులో అడిగింది.

"ఏంది మేడం, మొక్కు తీరుస్తున్నవా?"

"కాదమ్మా, ఉద్యోగం" అన్నాను.

పొద్దు నెత్తి మీదికి వచ్చేదాకా తిరిగాను. చెమటకు చుడీదారు ఒంటికి అంటుకుపోయింది. తప్పిపోయిన మనిషికి ఏమై ఉంటుందని వార్డులో నేర్చుకున్న ప్రతి సంగతీ వరసగా గుర్తొచ్చింది. ప్రభువా, ఆయన్ని బతికించు, నా రిపోర్టు మొత్తం సున్నా చేసినా ఫర్వాలేదు అని ప్రార్థించాను. దేవుడు ప్రార్థనలో మొదటి సగమే విన్నాడని తర్వాత తెలిసింది.

వెనక నుంచి వీపు మీద చిన్న దెబ్బ తగిలింది. బరికె దెబ్బ. అదిరిపడి తిరిగాను. లచ్చయ్య తాత నిలబడి ఉన్నాడు. నా మొహం వైపు చూడటం లేదు, గంట వైపు చూస్తున్నాడు. ఆ కళ్ళలో అంత సంతోషం నిన్న నేను చూడలేదు.

"ఏడ తిరుగుతున్నవే మల్లీ? పొద్దు ఎక్కడికి వచ్చిందో చూసినవా?"

"తాతా, నేను మల్లిని కాదు. సుగుణని. క్వాలిటీ ఆఫీసర్ని."

"నడువ్" అన్నాడు.

నడిచాను. నేను ఆయన్ని తీసుకెళ్ళాలనుకున్నాను, ఆయన నన్ను తోలుకెళ్ళాడు. పక్కకు తిరిగితే నాలుక అంగిట్లో కొట్టి ఒక చప్పుడు చేసేవాడు, ఆగితే బరికె. పూలు ఏరే ఆడవాళ్ళ ముందు నుంచే తోలాడు. ఒకామె కడుపు పట్టుకుని, "తాతా, ఆవు ఎవరిది?" అంది.

"మార్తమ్మది. పాలియ్యదు, ఊకె తిరుగుతది" అన్నాడు తాత. నా గురించి పై ఆఫీసు ఇచ్చిన ఏ సర్టిఫికెట్టులోనూ ఇంత నిజం లేదు.

ఇక్కడ ఒక్క మాట ఆగి చెప్పాలి. దారిలో ఒకచోట ఆయన బరికె అడ్డం పెట్టి నన్ను ఆపాడు. గాలి వాసన చూశాడు. ముందున్న చెట్టు బెరడు మీద తాజా గోళ్ళ గీతలు చూపిస్తే గానీ నాకు కనబడలేదు. చుట్టూ తిప్పి వేరే దారిన తోలాడు. వాగు దగ్గర ఆగి, "తాగు" అన్నాడు. నేను దోసిలితో తాగేదాకా నిలబడి, నేను తాగాకే తను తాగాడు. నా కాలిలో ముల్లు దిగితే పాదం ఒళ్ళో పెట్టుకుని తీశాడు. ఎండ ఎక్కువైతే నీడలో నిలిపాడు. నన్ను అంత బాగా చూసుకున్న మనిషి ఇంకొకరు లేరు. నా ఫారం అప్పుడు తీసి నింపి ఉంటే భద్రతకూ గౌరవానికీ ఆయనకు నిండా మార్కులు పడేవి. పేరు మరిచిన మనిషికి ఇదంతా గుర్తుంది. అన్నీ గుర్తున్న నాకు ఇందులో ఒక్కటీ తెలియదు.

ఇంటికి చేరగానే మార్తమ్మ గారు ఎదురొచ్చింది. నా మెడలోంచి గంట తీసి తాత మొలకు కట్టింది. ఆయన ఒకసారి ఊపి చూసుకుని బావి వైపు వెళ్ళిపోయాడు. మంచం మీది ముసలమ్మ, "తాత వచ్చిండు" అంది. నేను వంటింట్లో రాజమ్మ పక్కన కూర్చుని ఏడ్చాను. ఆమె ఉల్లిపాయలు తరుగుతోంది కాబట్టి ఎవరికీ తెలియలేదు.

ఇక్కడ ఆపితే ఎంత బాగుంటుంది చెప్పండి. ఆవు అయిన ఆఫీసరు, బుద్ధి వచ్చింది, గంట తిరిగి కట్టారు, అందరూ గంజి తాగారు. కానీ నేను నిజాయితీ గల మనిషిని. అదే నాకున్న పెద్ద జబ్బు.

ఖమ్మం తిరిగి వెళ్ళగానే తప్పు దిద్దుకోవాలని డైరెక్టరు గారికి రెండు పేజీల ఉత్తరం రాశాను. గంట తీయించడం నా పొరపాటనీ, దాని వల్ల లచ్చయ్య గారు ఒక పూటంతా అడవిలో తప్పిపోయారనీ, కాబట్టి గంట ఉండాల్సిందేననీ ఉన్నదున్నట్టు రాశాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు పెద్దలు. నేను అడుసు తొక్కింది చాలక, కాలు కడుక్కున్న నీళ్ళు కూడా తీసుకెళ్ళి ఆ ముసలాయన నెత్తినే పోశాను.

మర్నాడే పిలుపు వచ్చింది. డైరెక్టరు గారిది సత్తుపల్లి. నెమ్మదిగా మాట్లాడే మంచి మనిషి. ఆయన చెడ్డవాడైతే ఈ కథ చెప్పడం నాకు సులువయ్యేది.

"సుగుణా, రిపోర్టు చదివానమ్మా. ఆ సిగ్గు వాక్యం ఉంది చూడు, కళ్ళనీళ్ళు వచ్చాయి నాకు. మన ఇళ్ళన్నిటికీ సర్క్యులర్ పంపించేశాను. ఎవరి ఒంటి మీదా గంటలు గానీ, అలాంటివేవీ గానీ ఉండకూడదని."

"సార్, తర్వాత రాసిన ఉత్తరం చూశారా?"

"చూశాను. దాని గురించే పిలిచాను. మనిషి అడవిలోకి వెళ్ళిపోయాడన్నమాట."

"అవును సార్. గంట లేకపోబట్టి."

"ఎందుకు వెళ్ళాడన్నది తర్వాత సంగతమ్మా. వెళ్ళగలిగాడు. అంటే అక్కడ భద్రత లేదు. రేపు ఏ ఎలుగుబంటో పడితే మన ఇళ్ళన్నీ మూసుకోవాలి. వరండాకి గ్రిల్ పెట్టించి తాళం వేయిస్తున్నాను."

"సార్, గంట కడితే తాళం అక్కర్లేదు."

"గంట కడితే గౌరవం పోతుందని నువ్వేగా రాశావు. ఎంత బాగా రాశావు."

"తాళం వేస్తే గౌరవం పోదా సార్?"

ఆయన ఫారం తీసి, కళ్ళజోడు సర్దుకుని, నిజంగానే శ్రద్ధగా వెతికాడు. ముప్ఫై ఎనిమిదో ప్రశ్న చూశాడు. "శరీరంపై ఉన్నాయా అని అడిగారమ్మా. తాళం శరీరం మీద ఉండదు కదా, తలుపు మీద ఉంటుంది" అన్నాడు.

ఆ మాటకు నా దగ్గర జవాబు ఉంది. అప్పుడూ ఉంది. కానీ నేను ప్రొబేషన్‌లో ఉన్నాను, ఉద్యోగం ఖాయం కావడానికి ఇంకా నాలుగు నెలలుంది, మా అమ్మ అప్పటికే మా బంధువులందరికీ చెప్పేసింది. నోరు మూసుకున్నాను. మూడు వారాల తర్వాత గ్రిల్ సరిగ్గా పెట్టారో లేదో చూసి సంతకం చేసి రావడానికి పంపింది కూడా నన్నే.

మార్తమ్మ గారు ఈసారి వందనాలు చెప్పలేదు. గ్రిల్ దగ్గర లచ్చయ్య తాత నిలబడి ఉన్నాడు. ఒక్కొక్క కడ్డీ పట్టుకుని ఊపి చూస్తున్నాడు. ఆ చివర నుంచి ఈ చివరకు, మళ్ళీ ఆ చివరకు.

"మూడు దినాల సంది గిదే పని" అంది ఆమె. "ఎందుకు దొడ్లె పెట్టిండ్రు, పసులకు ఆకలైతున్నది, తలుపు తీయుండ్రి అంటడు. ఏం చెప్పాలె బిడ్డా?"

"నేను వద్దనే రాశానండీ. ఉత్తరం రాశాను."

"నువ్వు అసలు రాయకుండ ఉంటే అయిపోయేది."

ఆమె కోపంగా అని ఉంటే నాకు తేలికయ్యేది. అన్నం ఉడికింది అన్నట్టే అంది. నేను గ్రిల్ కొలిచాను. మేకులు గట్టిగా ఉన్నాయో లేదో చూశాను. సంతకం చేశాను.

ఆ తర్వాత ఆ ఇంటికి భద్రతలో నూటికి నూరు, గౌరవంలో నూటికి నూరు వచ్చాయి. మా ఇళ్ళలో దేనికీ అప్పటిదాకా అన్ని మార్కులు రాలేదు. మరుసటి ఏడాది వార్షికోత్సవం అక్కడే పెట్టారు. ఉత్తమ సంరక్షణ గృహం అని రాసిన ఫలకం డైరెక్టరు గారు మార్తమ్మ గారికి నా చేత ఇప్పించారు, ఎందుకంటే ఘనత నాదేనని. ఆమె రెండు చేతులా తీసుకుని, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక రాజమ్మకు ఇచ్చింది.

ఫోటో తీయడానికి భద్రాచలం నుంచి ఒకతన్ని పిలిచారు. ముసలివాళ్ళను వరండాలో కుర్చీల్లో వరసగా కూర్చోబెట్టారు. లచ్చయ్య తాత ముందు వరసలో మధ్యన ఉన్నాడు. కొత్త పంచె కట్టారు. చేతులు ఒళ్ళో ఉన్నాయి. నేను వెళ్ళి, "తాతా, బాగున్నావా" అన్నాను. ఆయన గ్రిల్ అవతలికి చూస్తున్నాడు. అటు అడవి ఉంది గానీ, చూపు అక్కడిదాకా పోతున్నట్టు లేదు. కుర్చీలోంచి లేపాలంటే ఇద్దరు పట్టాలని రాజమ్మ చెప్పింది. చలికాలం నుంచి నడక మానేశాడట.

ఫోటోగ్రాఫరు రెండుసార్లు తీసి విసుక్కున్నాడు. ఒకామె దగ్గుతోంది, ఒకాయన తల తిప్పుతున్నాడు, వెనకాల మేం ఆఫీసువాళ్ళం మాట్లాడుకుంటున్నాం.

"అందరు కదులుతుండ్రండి, ఎట్ల తీయాలె? గా ముందు కూసున్న పెద్దాయన లెక్క కూసోండి. ఎంత మంచిగ కూసున్నడో చూడుండ్రి" అన్నాడు.

అందరం ఆయన్ను చూసి, ఆయనలాగే కదలకుండా నిలబడ్డాం. ఫోటో చాలా బాగా వచ్చింది. మా ఆఫీసు గోడకు చాలా ఏళ్ళు వేలాడింది.

తాత ఆ తర్వాతి వానాకాలం దాకా ఉన్నాడు. ఆయన కాగితాల్లో చివరి పేజీలో "ప్రమాదాలు: ఏమీ లేవు" అని రాసి ఉంది. కింద సంతకం నాది.

కాబట్టి, ఓపిగ్గా ఇంతదాకా చదివిన పెద్దల సమక్షంలో, కుడి చెయ్యి ఎత్తి, ఎడమ చెయ్యి ఆ అరవై నాలుగు ప్రశ్నల ఫారం మీద పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట ఏ మనిషి ఒంటి మీద ఏది కట్టుకుని ఉన్నా, అది గంటయినా గుమ్మడికాయయినా, నేను విప్పను. రిపోర్టులో ఒక్క అందమైన వాక్యం రాయను. ముఖ్యంగా, చేసిన తప్పును దిద్దమని పై ఆఫీసుకు ఉత్తరం రాయను. దిద్దాలనిపిస్తే ఆటో ఎక్కి వెళ్ళి, నా చేతులతో తలుపు తీసి వస్తాను. గ్రిల్ చూడటానికి వెళ్ళిన రోజు తాళం చెవి నా సంచిలోనే ఉంది. తనిఖీ అయ్యాక తిరిగి ఇచ్చేశాను.